పూత ఆరకముందే

"ఆపింది దేవుడు కాదు. మీరు ముగ్గురూ."

మేస్త్రమ్మ చేతిలో తాపీ ఉంది, తాపీ మీద పచ్చి సిమెంటు మాలు ఉంది. ఆ తాపీని ఒక్కొక్కరి వైపూ తిప్పుతూ ఆమె మాట్లాడుతుంటే ముగ్గురు సంఘ పెద్దలూ ఒకడుగు వెనక్కి వేశారు. మాటలకు బెదిరి కాదు, చొక్కాల మీద పడుతుందని.

"మూడుసార్లు వచ్చాడు నా తమ్ముడు ఈ గుమ్మం దాకా. బాప్తిస్మం ఇవ్వండయ్యా అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడుసార్లూ తిప్పి పంపారు. ఇప్పుడేమో మూడేళ్ళు ఆగి రమ్మని రూలొకటి రాశారు. ఆ రూలు మీకు మోకాళ్ళ మీద ఉన్నప్పుడు వినబడిందా, కుర్చీల్లో ఉన్నప్పుడు తోచిందా?"

"ఊరికే పంపలేదమ్మా," అన్నాడు గడియారం. "మూడుసార్లూ సరిగ్గా వారం ముందు తాగాడు. రెండోసారి ఏకంగా ఈ మెట్ల మీదే పడున్నాడు. ఆదివారం పొద్దున్న నేనే దాటుకుని లోపలికొచ్చాను."

"దాటుకుని వచ్చారు. లేపలేదు."

గడియారం అన్నది ఆయన పేరు కాదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆరాధన తొమ్మిదింటికంటే తొమ్మిదింటికే మొదలుపెడతాడు, మందిరంలో తనూ బల్లలూ తప్ప ఇంకెవరూ లేకపోయినా సరే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి గోడ గడియారానికి కీ ఇవ్వడం ఆయన తనకు తాను పెట్టుకున్న పరిచర్య. దేవుని దీర్ఘశాంతం గురించి ఆయన చెప్పే ప్రసంగం పన్నెండు నిమిషాలు. పదమూడో నిమిషంలోకి ఏనాడూ అడుగు పెట్టలేదు. వెనక బల్లల వాళ్ళు ఆ పేరు పెట్టారని ఆయనకూ తెలుసు. తెలియనట్టే ఉంటాడు.

మేస్త్రమ్మకూ పేరుంది, ఎవరికీ గుర్తులేదు. ఆడవాళ్ళు తట్టలు మోసే చోట తాపీ పట్టిన మనిషి ఆమె. మందిరం లోపల, వేదిక పక్కన నేల తవ్వి, కొత్తగా బాప్తిస్మపు తొట్టి కడుతోంది. ఏడడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, దిగడానికి ఐదు మెట్లు, మనిషికి రొమ్ము దాకా నీళ్ళు. ఇటుక పని అయిపోయింది. మొదటి పూత అయిపోయింది. ఇవాళ బుధవారం, చివరి పూత. దానికోసం మాలు కలుపుతున్నది ఎవరనుకున్నారు? ఆ తొట్టిలో దిగడానికి పనికిరాడని వీళ్ళు తేల్చిన మనిషే. మందిరం వెనక ఇసుక గుట్ట దగ్గర, పార పట్టుకుని, లోపల తన గురించే గొడవ జరుగుతోందని తెలిసి కూడా తల పైకెత్తకుండా కలుపుతున్నాడు.

పాస్టరు కుర్రవాడు, మెత్తనివాడు. గొంతు సవరించుకోవడానికే ఆయనకు సగం ధైర్యం ఖర్చయిపోతుంది. "మాస్టారూ, కనీసం శనివారం బాప్తిస్మం విచారణకైనా రానిద్దామండీ," అన్నాడు. "తొంభై రోజులు దాటింది మందు ముట్టుకోక."

"రానిద్దాం, మూడేళ్ళ మాట ఈసారికి పక్కన పెడదాం. నేనేమీ రాక్షసుణ్ణి కాదు," అన్నాడు గడియారం. "కానీ మన సంఘం పద్ధతి అందరికీ ఒకటే. ఒకే ఇంట్లో ఉండే మనిషి లేచి నిలబడి, ఇతను మారాడు, నేను కళ్ళారా చూశాను అని చెప్పాలి. ఆ ఒక్క మాట లేకపోతే పేరు కొట్టేస్తాం. నువ్వు చెబుతావా అమ్మా?"

"చెబుతాను."

"సంఘం అందరి ముందూ?"

"ఇంకో సంఘాన్ని కూడా పిలవండి, వాళ్ళ ముందూ చెబుతాను."

కాంపౌండరు నవ్వాడు. పెద్దల్లో ఆయన మూడోవాడు, ఎక్కడ వేడి పుట్టినా మాట మార్చి చల్లార్చడం ఆయన అలవాటు. "అది సరేగానీ మేస్త్రమ్మా, దీన్లోకి నీళ్ళెప్పుడు?"

"ఇవాళ్టితో పూత అయిపోతుంది. పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. గంటగంటకీ తడపాలి. అంతేగానీ లోపల నీళ్ళు నిలవకూడదు."

"పైకి గట్టిగానే ఉంటుందిగా రెండ్రోజులకి?"

"పైకే. లోపల పచ్చి. నీళ్ళ బరువు పడిందంటే గోడని వదిలేస్తుంది."

గడియారం చూపుడువేలు లేచింది. క్లాసులో తప్పు దొరికినప్పుడు లేచే వేలు అది. "విన్నావా, నీ నోటితో నువ్వే అన్నావు. ఆరకముందే నీళ్ళు పెడితే పగులుతుంది. సిమెంటుకి నువ్వు పది రోజులు అడగొచ్చు, మనిషికి మేం మూడేళ్ళు అడిగితే మాత్రం పాపం."

మేస్త్రమ్మకు కోపం ముంచుకొచ్చింది, మాట మాత్రం దొరకలేదు. ఆ మాటలో ఎక్కడో తప్పుంది. తప్పుందని తెలుస్తోంది, ఎక్కడుందో తెలియడం లేదు. తాపీ మీద మాలు బిగుసుకోవడం మొదలైంది. విదిలించి తొట్టిలోకి దిగింది.

పూత పని ఆగే పని కాదు. మాలు కలిపిన గంటలో గోడెక్కాలి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి పైకి కొడుతూ వెళ్ళింది. కొట్టడం, చెక్క బద్దతో సమంగా లాగడం, ఎక్కువైంది గీకెయ్యడం, తక్కువైన చోట ముద్ద పెట్టడం. తమ్ముడు మెట్ల మీద నిలబడి తట్ట అందించేవాడు. ఆమె చెయ్యి చాపేసరికి తట్ట అక్కడుండేది. ఇంతకు ముందు ఆమె దగ్గర పని చేసినవాళ్ళకు చెయ్యి చాపాక రెండు తిట్లు కూడా కావలసి వచ్చేవి.

"సీసా ఇవ్వరా."

తొట్టి మూలలు పదునుగా వదలకూడదు. నీళ్ళు ముందు చూసేది మూలనే. పచ్చి పూత మీద సీసా ఒళ్ళు ఆనించి కింద నుంచి పైకి దొర్లిస్తే మూల గుండ్రంగా తిరుగుతుంది. ఏ మేస్త్రీ సంచిలోనైనా ఒక ఖాళీ సీసా ఉంటుంది.

తమ్ముడు సీసా అందించి, బల్లలు తుడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇటే చూస్తుండటం గమనించాడు. "సోడా సీసాయేనండీ," అన్నాడు వాళ్ళతో. "మందు సీసా అయితే ఇంకా బాగా తిరుగుతుంది. కానీ మా అక్క నన్ను కూడా మూలలో పెట్టి తిప్పేస్తుంది."

వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేస్త్రమ్మ నవ్వలేదు గానీ సీసా దొర్లిస్తున్న చెయ్యి కాస్త తేలికైంది.

చివరన సిమెంటు పాలు పూసి ఉక్కు తాపీతో రుద్దితే గోడ అద్దంలా తేలింది. తమ్ముడు వంగి చూశాడు. "అక్కా, నా మొహం కనిపిస్తోంది."

"కనిపిస్తే కనిపించింది, ముట్టుకోకు."

"ముట్టుకోను. నీళ్ళు నాకు ఎక్కడిదాకా వస్తాయంటావ్?"

"గుండెల దాకా."

వాడు తన రొమ్ము మీద చెయ్యి అడ్డంగా పెట్టి, కొంచెం కిందికి జరిపి, మళ్ళీ పైకి జరిపి కొలుచుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. మేస్త్రమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. శనివారం లేచి నిలబడి ఏం చెప్పాలో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. ఇంటికి నడుస్తూ పెదాలతో చెప్పుకుంది. గురువారం పొద్దున్న గోనెలు తడుపుతూ చెప్పుకుంది. 'మా తమ్ముడు మారాడు. నేను చూశాను.' ఎన్నిసార్లు అనుకున్నా అదే మొదటిసారి అన్నట్టు ఒళ్ళు జలదరించేది.

కానీ ఒకటుంది. అది కూడా చెప్పాలి. రోజూ సాయంత్రం వాడు ఇంటికి రాగానే మేస్త్రమ్మ ఏదో ఒకటి అందిస్తూ దగ్గరికి జరిగేది. కంచం, తువ్వాలు, మంచినీళ్ళు. జరిగి, ఒకసారి గాలి పీల్చేది. వాడికి తెలుసు. అడక్కుండానే కాస్త ముందుకి వంగేవాడు. గురువారం సాయంత్రం వంగి, "పాసయ్యానా?" అన్నాడు నవ్వుతూ. ఆమె ఏమీ ఎరగనట్టు, "దేంట్లోరా?" అంది. పాసయ్యాడు. అయినా చొక్కా తీసి దండెం మీద వేశాక వెళ్ళి జేబులు తడిమింది.

శుక్రవారం ఆమెకు పక్క వీధిలో ప్రహరీ గోడ పని పడింది. "గంటగంటకీ తడుపు. గోనె ఎండితే పూత చచ్చిపోయినట్టే," అని తమ్ముడికి అప్పజెప్పి వెళ్ళింది. మధ్యాహ్నం రెండున్నరకి ఖాళీ దొరికి, ఒకసారి చూసి పోదామని వచ్చింది.

మందిరం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే చప్పుడు వినబడింది. నీళ్ళు పడుతున్న చప్పుడు కాదు, నిండిన నీళ్ళలో నీళ్ళు పడే చప్పుడు. ఆమె పరుగెత్తింది.

పై మెట్టు ఒక్కటే మిగిలింది. మిగతా తొట్టంతా నీళ్ళు. గోనెలు ఉబ్బి పైన తేలుతున్నాయి. కుళాయి పూర్తిగా విప్పి ఉంది. ఆమె చీరతోనే దిగింది, కుళాయి కట్టింది, రొమ్ము లోతు నీళ్ళలో వంగి అడుగున తడిమి బిరడా లాగింది. నీళ్ళు దిగుతున్నకొద్దీ తూర్పు గోడ బయటపడింది. అద్దంలా రుద్దిన పూత పొట్టలా ఉబ్బింది. ఆమె చూస్తుండగానే పైన ఒక గీత పడింది, గీత వెడల్పయింది, మొదటి పూతతో సహా పలక పలకంతా జారి నీళ్ళలో పడింది. వెనక ఉత్త ఇటుక. ఇటుకల సందుల్లోంచి నీరు బయటికి పోయి, మొదటి రెండు బల్లల కింద చాప నానిపోయింది.

తమ్ముడు లేడు.

మేస్త్రమ్మ ఏమీ ఆలోచించలేదు. అంతా ముందే తెలిసినట్టు ఆమె మనసు తిన్నగా అక్కడికే పోయింది. విప్పాడు. మరిచిపోయాడు. మందు కొట్టుకి పోయాడు. తడి చీరతో, చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చింది.

వాడు ఎదురుగా వస్తున్నాడు. నెత్తి మీద గోనెసంచుల మూట. మొహం వెలిగిపోతోంది. "అక్కా, బియ్యం కొట్టాయన కొత్త గోనెలిచ్చాడు, ఊరికే ఇచ్చాడు..."

"ఎక్కడికి పోయావురా?"

"అదే చెప్తున్నా. పాతవి చిరిగిపోయాయని, అన్నీ బాగా తడిపి పన్నెండు కాకముందే వెళ్ళా, లారీ వచ్చేదాకా కూర్చోబెట్టాడు..."

"నోరు తెరువు."

టీ కొట్టు దగ్గర నలుగురున్నారు. టైలరు మిషను ఆపాడు. వాడు వాళ్ళ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇక్కడొద్దక్కా. ఇంటికెళ్ళాక చూడు."

"ఊదరా."

వాడు మూట దించాడు. దించిన మూట పక్కకి ఒరిగితే సరిచేసి నిలబెట్టాడు. తర్వాత అక్క మొహం మీద ఊదాడు. టీ కొట్టు దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఏలక్కాయ వాసనొస్తోంది. ఎందుకు నమిలావు?"

"బియ్యం కొట్టాయన టీ ఇప్పించాడు. దాంట్లో వేశారు."

"కుళాయి ఎందుకు విప్పావు?"

"కుళాయా? నేను వెళ్ళేటప్పుడు కట్టే ఉందక్కా."

"అయితే దేవదూత దిగొచ్చి విప్పాడా? నాలుగు రోజుల నా చాకిరీ నీళ్ళలో పోసి, నా ముందు నిలబడి అబద్ధమా? వాళ్ళు చెప్పిందే నిజంరా. మూడేళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళు పెట్టినా నువ్వింతే."

వాడి మొహంలో వెలుగు పోవడం ఆమె చూసింది. కూలిన పూతను చూసిన కళ్ళతోనే చూసింది, పెద్ద తేడా కనబడలేదు.

మందిరంలోకి వెళ్ళి తొట్టి చూశాక వాడు బక్కెట్టు తీసుకుని అడుగున మిగిలిన నీళ్ళు ఎత్తిపోశాడు. కూలిన పలకలు ఏరి తట్టలో వేశాడు. ఒకచోట వంగి, తొట్టి గట్టు మీద తడి గోనె కింద నుంచి ఏదో తీసి, చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదు."

ఆమె ఇంక అడగలేదు. అడగడానికి ఏం మిగిలింది? ఆ సాయంత్రం కంచం కూడా చేతికి ఇవ్వలేదు. నేల మీద పెట్టి జరిపింది.

శనివారం ఐదింటికి విచారణ. ఎండ ఇంకా కిటికీల్లోంచి సగం బల్లల మీద పడుతోంది. మందిరం నిండింది. వేదిక పక్కన తొట్టి మీద పాత దుప్పటి కప్పారు, కానీ దాన్నే అందరూ చూస్తున్నారు. ఊరందరికీ తెలిసిపోయింది. తాగి కుళాయి విప్పాడట అని ఒకరు, తొట్టిలోనే పడి ఈదాడట అని ఒకరు.

గడియారం చేతిలో కాగితం, కలం. ఏడు పేర్లు, చివర ఎనిమిదోది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి నిలబడటం, ఇంటి మనిషి లేచి చెప్పడం. ఒక అత్తగారు కోడలి కోసం లేచింది. "ఇదివరకు నేనొకటంటే రెండనేదండీ. ఇప్పుడు నాతో సమానంగా ఒకటే అంటోంది. ఇది దేవుడి పని కాక మరేంటి," అంది. మందిరం ఘొల్లుమంది. కోడలు కూడా నవ్వింది. పాస్టరు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. గడియారం మాత్రం కాగితంలోంచి తల ఎత్తలేదు. రోజూ గంట కొట్టినట్టు పలికే మనిషి, ఇవాళ పేర్లు చదువుతుంటే వెనక బల్లల వాళ్ళు "వినబడటంలేదు మాస్టారూ" అన్నారు రెండుసార్లు.

ఏడుగురూ అయ్యారు. ఎనిమిదో పేరు చదివాడు.

తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, గోళ్ళ సందుల్లో సిమెంటు. తల వంచుకోలేదు, ఎవరినీ చూడలేదు. మేస్త్రమ్మ లేచింది.

"అమ్మా," అన్నాడు పాస్టరు, "మీ తమ్ముడు మారాడని మీరు చూశారా?"

నాలుగు రోజులుగా నాలుక మీద తిరిగిన మాట. పళ్ళ దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఆమెకు కూలిన పూత కనిపించింది, జేబులో దాచిన చెయ్యి కనిపించింది, ఏలక్కాయ వాసన కూడా వచ్చినట్టే అనిపించింది.

"చెప్పలేను," అంది.

తమ్ముడు కళ్ళు మూసుకుని తెరిచాడు, అంతే. ఇప్పుడు జరగవలసింది అందరికీ తెలుసు. గడియారం కలంతో అడ్డగీత గీస్తాడు, 'తర్వాత' అంటాడు, ప్రార్థనతో ముగిస్తాడు. కలం కాగితం మీద ఆనింది. ఆనిన చోట సిరా మచ్చ పెరుగుతోంది. గీత పడలేదు.

కాంపౌండరు పక్కనుంచి మోచేత్తో పొడిచాడు. "మాస్టారూ, ఐదూ నలభై."

గడియారం లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "కుళాయి విప్పింది నేను."

వెనక ఎవరో "ఏంటీ?" అన్నారు.

"నేనే విప్పాను. నిన్న పన్నెండింటికి కీ ఇవ్వడానికొచ్చాను. ఎవరూ లేరు. ఒక గోనె ఎత్తి తొట్టి చూశాను. బాగుంది. ఎంత బాగుందంటే..." ఆయన చేతులు గాలిలో ఏదో నిమిరాయి. "అందులో నీళ్ళెలా ఉంటాయో చూడాలనిపించింది. బిరడా పెట్టి, రెండంగుళాలు చూసి కట్టేద్దామనుకున్నాను. అంచు మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాను. తర్వాత కుళాయి తిప్పి వెళ్ళిపోయాను. కట్టాననుకున్నాను. కట్టలేదు, ఇంకా విప్పానేమోనని భోజనమయ్యాక అనుమానమొచ్చింది. వెనక గుమ్మంలోంచి వచ్చి చూస్తే ఈవిడ అప్పటికే కట్టేసి వీధిలో ఉంది. అరుపులు వినబడుతున్నాయి. ఊదరా అనడం విన్నాను. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. కిటికీలోంచి కనబడకుండా పక్కకి జరిగాను."

ఆయన పన్నెండు నిమిషాల గొంతు ఎక్కడా లేదు. "మూడేళ్ళు ఆగమని రాసినవాణ్ణి నేను. మూడు రోజులు ఆగలేకపోయాను. అదీ కాదు. అది పొరపాటు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా నోరు మూసుకు కూర్చున్నాను చూడండి, అది పొరపాటు కాదు."

జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. ఒక మూల సిమెంటు అంటి ఉంది. "ఇది ఇవాళ పొద్దున్న ఇతను మా ఇంటికి తెచ్చిచ్చాడు. తొట్టి గట్టు మీద మరిచిపోయారండీ అని చేతిలో పెట్టాడు. ఇతను వెళ్ళేటప్పుడు లేనిది గోనె కింద దొరికిందంటే నేను ఎప్పుడొచ్చానో, ఏం చేశానో ఇతనికి తెలుసు. తెలిసి ఒక్క మాట అనలేదు. నన్ను చూసి నవ్వాడు కూడా. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు."

పాస్టరు తమ్ముడి వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పలేదన్నా? మీ అక్కకైనా చెప్పొచ్చుగా?"

తమ్ముడు మెడ వెనక గోక్కున్నాడు. ఇంతమంది ముందు మాట్లాడటం వాడికి కొత్త. "ఆయనే చెప్తాడనుకున్నానండీ. కాస్త టైమిద్దామని."

"చెప్పకపోతే?"

"ఇంకాస్త ఇచ్చేవాణ్ణి." కొంచెం ఆగి, "నాకు పైనున్నాయన చాలా ఇచ్చాడుగా," అన్నాడు. "మెట్ల మీద పడున్నప్పుడు కూడా ఇచ్చాడు. నా దగ్గరున్నది అదొక్కటే. ఒక్క రోజిస్తే నాకేం పోతుంది."

బల్లల మధ్య ఎవరో వెక్కిన చప్పుడు. గడియారం వేదిక దిగాడు. దిగి, వాడి ముందుకొచ్చి, రెండు చేతులూ జోడించబోయాడు. తమ్ముడు ఆ చేతుల్ని మధ్యలోనే పట్టేసుకున్నాడు. "వద్దు మాస్టారూ, వద్దు," అన్నాడు గాభరాగా. ఇద్దరూ అలా చేతులు పెనవేసుకుని ఎవరు వదలాలో తెలియక నిలబడిపోయారు.

మేస్త్రమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమెను ఎవరూ చూడటం లేదు. ఆయన ఒప్పుకున్నాడు, అయిపోయింది. కానీ ఊదమన్నది ఆయన కాదు. వీధిలో, నలుగురి ముందు, నిన్న కాక మొన్న అద్దంలాంటి పూతలో మొహం చూసుకుని మురిసిన మనిషిని ఊదమన్నది తను. పెద్దలు దాటుకుని పోయారని తాపీ ఎత్తింది. తను దాటిపోవడం కూడా కాదు, తొక్కింది. ఆమె బల్లల మధ్య నుంచి నడిచి వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది. వాడు అలవాటుగా కొంచెం ముందుకు వంగాడు.

అంతే. ఆమె రెండు చేతులతో వాడి మొహం పట్టుకుంది. "ఇంకెప్పుడూ వంగకురా," అంది. మందిరమంతా వినబడింది. వాడి వైపు నుంచి సంఘం వైపు తిరిగింది.

"నన్నడిగారు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి. వీడు మారాడు. నేను చూశాను. మారనిదాన్ని నేను."

పాస్టరు లేచి "దేవునికి స్తోత్రం" అన్నాడు. అందరూ అన్నారు. గోల గోలగా, సంతోషంగా, కొందరు ఏడుస్తూ అన్నారు. గడియారం కాగితం తీసి ఎనిమిదో పేరు పక్కన టిక్కు పెట్టాడు. సిరా మచ్చ మీద పెట్టిన టిక్కు, సరిగా కనబడక మళ్ళీ దిద్దాడు.

అప్పుడు కాంపౌండరు, పాపం మంచి ఉద్దేశంతోనే, దుప్పటి ఎత్తి తొట్టిలోకి చూసి అన్నాడు, "అయితే మేస్త్రమ్మా, గోడ పూర్తిగా గీకి మళ్ళీ పూత వెయ్యాలిగా. ఒక వారం పని, పైన నువ్వన్న పది రోజులు. నెలాఖరు ఆదివారం పెట్టుకుందామా అందరికీ? ఈలోగా ఇతనూ..."

"ఈలోగా ఇతనూ?"

"అంటే, ఇంకాస్త స్థిరపడతాడు కదా అని."

మేస్త్రమ్మ ఒళ్ళంతా మళ్ళీ అంటుకుంది. బుధవారం దొరకని మాట ఇప్పుడు దానంతటది వచ్చి నోట్లో కూర్చుంది.

"సిమెంటు సంగతి నన్నడగండి, గంటలతో సహా చెబుతాను. మనిషి సంగతి నాకు తెలియదు. నిన్న వీధిలో తేలిపోయింది అది. మీకూ తెలియదు, మాస్టారికీ తెలియదు. తెలిసినాయన ఒక్కడే. ఆయన ఇన్నేళ్ళూ ఓపిక పట్టింది ఎందుకు? వీడు బాగుపడి రావాలని కాదు. వీడు రావాలని. వచ్చాడు. వచ్చినవాణ్ణి చూసి ఆయన ఆగడు. మనమెవరం ఆపడానికి? తొట్టి కట్టింది నేను, చెబుతున్నాను, తొట్టి ఆరేదాకా దేవుడి కనికరాన్ని ఆరబెట్టొద్దు."

"తొట్టి లేకపోతే ఎక్కడమ్మా?" అన్నాడు కాంపౌండరు.

"మాస్టారూ, మీరెక్కడ మునిగారు?"

గడియారం తడబడ్డాడు. "నేనా? మా రోజుల్లో తొట్టెక్కడిది. మిల్లు వెనక కాలువలో."

"అందులో ఇవాళ నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి. పొద్దున్నే చూశాను. గట్టు దాకా ఉన్నాయి."

మందిరం అంతా ఒక్కసారి కదిలింది. ముందు బల్లలో కోడలు అప్పుడే జడ ముడి వేసుకుంటోంది. పాస్టరు మెత్తటి మొహం ఎర్రబడింది, చొక్కా చేతులు మడుస్తున్నాడు. కాంపౌండరు అలవాటుగా గోడ గడియారం వైపు చూసి, "చీకటి పడటానికి గంట కూడా లేదు," అన్నాడు.

"గంట ఉంది," అంది మేస్త్రమ్మ. "లేవండి. బల్లలు అలాగే ఉండనివ్వండి, తలుపులు కూడా తీసే ఉంచండి. ఎనిమిది మందీ ముందు నడవండి. మాస్టారూ, ఆ కాగితం ఇక్కడ పెట్టేసి రండి, మీ రెండు చేతులూ కావాలి. నీళ్ళలో వాణ్ణి ఒక పక్క పాస్టరుగారు పట్టుకుంటారు, రెండో పక్క మీరు పట్టుకోవాలి. రేపు కాదు, నెలాఖరు ఆదివారం కాదు. పదండి."